దాటిపోనివ్వండి

ఓడిపోవడం కన్నా కష్టమైన పని ఒకటుంది. మన పక్కనుంచి ఇంకొకరు ముందుకెళ్తుంటే మన వేగం మార్చుకోకుండా ఉండటం.

బండి మీద వెళ్తున్నప్పుడు ఎవడో సర్రున దూసుకుపోతాడు. మనకు తెలియకుండానే మన చెయ్యి యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర పిన్నికొడుకు ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్నాడని వింటాం. పొద్దుటిదాకా బాగానే ఉన్న మన ఇల్లు సాయంత్రానికి ఇరుకైపోతుంది. ఆ ఫ్లాటు మనకు కావాలా, దాని ఈఎంఐని మన జీతం మోయగలదా అన్న ప్రశ్నలు తర్వాతెప్పుడో వస్తాయి. ముందు బ్యాంకులో అప్లికేషన్ పడిపోతుంది.

ఈ జబ్బుకు ఉపన్యాసాలు పనిచేయవు. ఇతరులతో పోల్చుకోవద్దని ప్రతి వ్యక్తిత్వ వికాస పుస్తకమూ చెబుతుంది. చదువుతున్నంతసేపూ నిజమే అనిపిస్తుంది. పుస్తకం మూయగానే ఫోన్ తెరుస్తాం, కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో నీతులు పక్కనపెట్టి ఒక పని చెబుతాను. మీ ఊళ్లో రన్నింగ్ క్లబ్బు ఏటా పెట్టే పరుగుకు పేరిచ్చుకోండి. ఆ ఒక్క పొద్దున వందలమంది మీ కళ్లముందే మిమ్మల్ని దాటిపోతారు. దాటిపోనివ్వడం ముందు కాళ్లకు అలవాటు చేద్దాం. మనసు సంగతి ఆ తర్వాత చూద్దాం.

గెలవడానికి వచ్చేవాళ్లు తక్కువ

హైదరాబాద్‌నే తీసుకుందాం. పరుగంటే ఇష్టమున్న కొందరు 2007లో కలిసి మొదలుపెట్టిన బృందం హైదరాబాద్ రన్నర్స్. ఏటా ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌ను నడిపేది ఈ క్లబ్బే. స్పాన్సర్ మారినప్పుడల్లా ముందు తగిలించే కంపెనీ పేరు మారుతుంది, పరుగు మాత్రం అదే. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు, హాఫ్ 21.1, అంత వద్దనుకునేవాళ్లకు 10కె. పెద్ద దూరాల వాళ్లు ఇంకా చీకటి ఉండగానే నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర గుమిగూడతారు. ఖైరతాబాద్, రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా వెళ్లి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి, గచ్చిబౌలి వైపు సాగుతారు. దారిలో ఏడాదికేడాది చిన్నచిన్న మార్పులుంటాయి. ఎత్తుపల్లాలకు మాత్రం ఏ ఏడాదీ లోటుండదు.

ప్రపంచంలోని పెద్ద పరుగులు కొన్ని ఇలా క్లబ్బుల చేతుల్లో పుట్టినవే. న్యూయార్క్ మారథాన్‌ను 1970లో న్యూయార్క్ రోడ్ రన్నర్స్ క్లబ్బు మొదలుపెట్టినప్పుడు ఎంట్రీ ఫీజు 1 డాలరు. నగరం రోడ్లెక్కలేదు, సెంట్రల్ పార్కులోనే చుట్లు కొట్టారు. 127 మంది బయల్దేరితే 55 మందే చివరిదాకా వచ్చారు.

ఇలాంటి పరుగుల్లో బహుమతి కోసం పోటీపడేది పిడికెడు మంది. మిగతావాళ్లలో బ్యాంకు ఉద్యోగులుంటారు, టీచర్లుంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్లుంటారు, రిటైరైనవాళ్లుంటారు, పిల్లలు కాలేజీకి వెళ్లాక తమకంటూ కాస్త టైము దొరికిన అమ్మలుంటారు. వీళ్లు దాటాలనుకునేది కిందటేడాది తమ టైమును. నూట పన్నెండో స్థానంలో వచ్చినవాడూ, మూడువేల నూట పన్నెండో స్థానంలో వచ్చినవాడూ ఒకేలాంటి మెడల్ వేసుకుని పక్కపక్కనే ఫొటో దిగుతారు. ఆఫీసులో, చుట్టాల్లో, ఇంకెక్కడైనా ఇలాంటి ఏర్పాటు చూశారా?

మొదటి మెట్టు: నిదానంగా పరిగెత్తడం

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లు చాలామంది రెండు మూడు వారాల్లో మానేస్తారు. బద్ధకం వల్ల అనుకుంటాం. ఎక్కువసార్లు దెబ్బతీసేది వేగం. మొదటిరోజే కేబీఆర్ పార్కు దగ్గర రివ్వున వెళ్తున్న కుర్రాళ్లను చూసి వాళ్లతో సమానంగా కదులుతారు, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు. ఐదు నిమిషాల్లో ఆయాసం. మర్నాటికి పిక్కలు పట్టేస్తాయి. మూడోరోజుకు ‘ఇది మన ఒంటికి పడదు’ అని తీర్పు వచ్చేస్తుంది.

న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఉండేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో స్వర్ణాలు గెలిచారు. అంతటివాళ్లను తయారుచేసిన మనిషి ఆక్లాండ్‌లో నడివయసు వాళ్లనూ, గుండెజబ్బు వచ్చి కోలుకున్నవాళ్లనూ పోగుచేసి జాగింగ్ చేయించాడు. ఆయన పెట్టిన కొలత చాలా తేలిక. పరిగెత్తుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే.

1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బవర్‌మన్ అక్కడికి వెళ్లాడు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పేరున్న కోచ్, తర్వాత నైకీ స్థాపకుల్లో ఒకడైనవాడు. అప్పటికి యాభై దాటాయి. ఈ జాగింగ్ బృందంతో కలిసి ధీమాగా బయల్దేరి, కాసేపటికే వెనకబడిపోయాడు. డెబ్భై దాటిన ఒక పెద్దాయన, అదీ గుండెపోటు తిన్నవాడు, ఆయన కోసం వేగం తగ్గించి కబుర్లు చెబుతూ వెంట తీసుకెళ్లాడు. బవర్‌మన్ దాన్ని అవమానంగా తీసుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన ఒరెగాన్‌కు తిరిగొచ్చి మామూలు జనానికి జాగింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆ దశాబ్దంలోనే దానిమీద పుస్తకం కూడా వేశాడు. అమెరికాలో లక్షలమంది ఉదయాన్నే రోడ్డెక్కడం వెనక, తనను దాటిపోయిన పెద్దాయన్ని చూసి చిన్నబుచ్చుకోని ఒక కోచ్ ఉన్నాడు.

ఈ నిదానం కొత్తవాళ్లకు మాత్రమే అనుకోకండి. క్రీడాకారుల శిక్షణను ఏళ్ల తరబడి పరిశీలించిన స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త తేల్చిందేమిటంటే, మేటి క్రీడాకారులు కూడా తమ సాధనలో సుమారు 80 శాతం తేలిక వేగంలోనే చేస్తారు. వేగంగా వెళ్లగలిగినవాళ్లే ఎక్కువ రోజులు నిదానంగా వెళ్తున్నారన్నమాట. రోజూ ఒళ్లు హూనం చేసుకునేది మనలాంటివాళ్లమే.

పన్నెండు వారాల సాధన

మొదటిసారి 10కె చాలు. ఆగకుండా అరగంట నడవగలిగేవాళ్లు పన్నెండు వారాల్లో దానికి సిద్ధం కావచ్చు. ఆగస్టు చివరి పరుగుకు మే నెలాఖరులో మొదలుపెట్టాలి. ఎండల కాలం కాబట్టి ఆరు దాటకముందే ఇంటికి చేరేలా చూసుకోండి. నలభై దాటినా, బీపీ, షుగర్, గుండె సమస్య ఏదున్నా ముందు డాక్టరును కలవండి. సాధనలో ఎప్పుడైనా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి.

1. మొదటి నాలుగు వారాలు: వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. నాలుగో వారానికి దాన్ని తిరగేసి రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక.

2. ఐదు నుంచి ఎనిమిది వారాలు: మధ్యలో రెండు రోజులు నలభై నిమిషాల చొప్పున. ఆదివారం కాస్త పొడుగు పరుగు, 5 కిలోమీటర్ల నుంచి 7 దాకా. ఏ వారమూ కిలోమీటరుకు మించి పెంచొద్దు.

3. తొమ్మిది నుంచి పదకొండు వారాలు: ఆదివారం 8 కిలోమీటర్లు, తర్వాత 9. మధ్య రోజుల్లో ఒకసారి ఏదైనా ఫ్లైఓవర్ లాంటి ఎత్తు ఎక్కి దిగండి.

4. పన్నెండో వారం: సగానికి తగ్గించండి. ఈ వారం ఎంత పరిగెత్తినా కొత్తగా బలం రాదు, అలసట మాత్రమే వస్తుంది.

మధ్యలో నడవడానికి నామోషీ పడకండి. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే, ఆ తర్వాత మామూలు జనానికి నేర్పిన పద్ధతే ఇది. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకముందే లెక్క ప్రకారం నడవడం వేరు. మొదటిది లొంగిపోవడం, రెండోది ముందుచూపు.

ఆదివారాలు క్లబ్బుతో కలిసి పరిగెత్తండి. అక్కడ వేగాన్నిబట్టి గుంపులుంటాయి. మీకు ఏది సరిపోతుందనిపిస్తుందో దానికన్నా ఒక మెట్టు కింది గుంపులో చేరండి. మిగతావాళ్లు వీధి మలుపు తిరిగి కనబడకుండా పోతారు. మీ గుంపులో ఎవరో కూతురి పెళ్లిచూపుల గురించి చెబుతుంటారు. వింటూ, మధ్యమధ్య మాట కలుపుతూ వెళ్లగలిగితే మీరు సరైన వేగంలో ఉన్నట్టే.

రెండో మెట్టు: మొదటి ఐదు కిలోమీటర్లు

పరుగు ముందురోజు రాత్రి ఎప్పుడూ తినే అన్నమే తినండి. బిర్యానీ మెడల్ వచ్చాక. కొత్త బూట్లు, కొత్త సాక్సు ఆరోజు వేసుకోవద్దు. పిన్నీసులతో బిబ్ నంబరు రాత్రే టీషర్టుకు గుచ్చిపెట్టుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి పిన్నీసు కోసం ఇల్లంతా వెతకడం ఎవరికీ మంచిది కాదు. బయల్దేరడానికి గంటన్నర, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో సరిపోతాయి.

ఇప్పుడు స్టార్ట్ లైన్ దగ్గరకు రండి. మైకులో పాటలు, డోలు, జుంబా. పక్కవాడు అప్పటికే గెంతుతున్నాడు. ఫోన్లన్నీ గాల్లోకి లేచాయి. కౌంట్‌డౌన్ అయిపోగానే జనం ఒక్కసారిగా ముందుకు ఉరుకుతారు. గుండె దడదడలాడుతుంది, కాళ్లు తేలిగ్గా ఉంటాయి. మూడు నెలలు మీరు నేర్చుకున్నదంతా మర్చిపోవడానికి సరిగ్గా ఆ నిమిషం చాలు.

అందుకే వెనక నిలబడండి. బిబ్‌కు అంటించిన చిన్న చిప్, మీరు స్టార్ట్ లైన్ మీది మ్యాట్ దాటిన క్షణం నుంచే మీ టైము లెక్కపెడుతుంది. ముందు వరసలో తోసుకున్నవాడికి మీకన్నా ఒక్క సెకను కూడా కలిసిరాదు. ఈ సంగతి తెలిసి కూడా జనం ముందుకే తోసుకుంటారు, అది వేరే విషయం.

ఒక లెక్క చూద్దాం. హాఫ్ మారథాన్‌ను రెండున్నర గంటల్లో పూర్తిచేయగల మనిషి ఉన్నాడనుకోండి. కిలోమీటరుకు 7 నిమిషాల పైచిలుకు పడుతుంది. జనం ఊపులో పడి మొదటి ఐదు కిలోమీటర్లు ఆరుంపావు నిమిషాల చొప్పున పరిగెత్తాడు. నాలుగు నిమిషాలకు పైగా మిగిలాయి. కానీ దానికి ఒళ్లు వడ్డీ వసూలు చేస్తుంది. చివరి ఆరు కిలోమీటర్లు నడవాల్సివచ్చి, కిలోమీటరుకు 10 నిమిషాలు పట్టిందనుకుందాం. పోయింది పదిహేడు నిమిషాలు. నాలుగు సంపాదించి పదిహేడు పోగొట్టుకున్నాడు. అంతకన్నా బాధ, మొదట్లో తను దాటినవాళ్లంతా ఒక్కొక్కరే వరసగా తనను దాటుకుంటూ పోవడం.

పూర్తి మారథాన్‌లో అయితే ఈ లెక్క ఇంకా కఠినం. పరుగుకు సుమారుగా కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక కేలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషికి 42 కిలోమీటర్లకు 2,700 పైనే కావాలి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండేది దాదాపు 2,000. వేగం పెంచినకొద్దీ శరీరం కొవ్వును తగ్గించి ఈ నిల్వను ఎక్కువ వాడుతుంది. 30 కిలోమీటర్ల ప్రాంతంలో చాలామందికి కాళ్లు ఒక్కసారిగా మొరాయించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఒకటో తారీఖున వచ్చిన జీతాన్ని మొదటి వారంలోనే ఊదేసినవాడికి ఇరవై ఐదో తారీఖు ఎలా ఉంటుందో, మారథాన్‌లో చివరి పది కిలోమీటర్లు అలా ఉంటాయి.

మూడో మెట్టు: ఫ్లైఓవర్లు

హైదరాబాద్ పరుగు గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది ఫ్లైఓవర్ల గురించే. ఆ తర్వాత ఉక్కపోత. ఆగస్టు కాబట్టి ఎండ లేకపోయినా గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది తప్ప ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఊటీలోనో, లండన్‌లోనో వచ్చిన టైము ఇక్కడా రావాలనుకుంటే కష్టం.

ఎత్తు ఎక్కేటప్పుడు వాచీ చూడకండి, ఊపిరి చూడండి. చదునుమీద ఎంత ఆయాసం ఉందో, ఎత్తుమీదా అంతే ఉండాలి. వేగం తగ్గితే తగ్గనివ్వండి. కొందరు పళ్లు బిగించి, చేతులు ఊపుకుంటూ మిమ్మల్ని దాటి ఎక్కేస్తారు. వాళ్లలో చాలామంది పైకి చేరాక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి కనిపిస్తారు. చూసి నవ్వుకోవద్దు, ‘కమాన్ బ్రదర్’ అని ఒక మాట అని ముందుకెళ్లండి. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు వేసి దబదబా ఉరకకుండా చిన్న అడుగులు వేయండి.

నీళ్ల స్టాల్ కనిపించిన ప్రతిచోటా కడుపునిండా తాగడమూ పొరపాటే. చెమటతో ఉప్పు పోతుంటే, పైనుంచి ఉత్త నీళ్లు అతిగా పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. దాహమైనంతవరకే తాగండి. ఉప్పు కలిపిన పానీయం ఉంటే అది తీసుకోండి. ఒక గుటక తాగి మిగతాది నెత్తిన పోసుకోవడం అనుభవమున్నవాళ్ల పద్ధతి.

అయితే పోటీ వద్దా?

ఇంతదూరం చదివినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. అందరినీ దాటిపోనిస్తూ కూర్చుంటే మనం ఎదిగేదెప్పుడు? ఇది చేతకానితనానికి పెట్టుకున్న ముద్దుపేరు కాదా? జవాబు కోసం ఒక పరుగు చూద్దాం.

2023 అక్టోబర్‌లో షికాగో మారథాన్‌లో కెన్యాకు చెందిన దివంగత కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మొదటి సగానికి పట్టింది 60 నిమిషాల 48 సెకన్లు. రెండో సగానికి 59 నిమిషాల 47 సెకన్లు. అలసిపోవాల్సిన సగంలో నిమిషం తగ్గింది. 30 కిలోమీటర్ల దాకా పక్కనే ఇంకొకడు ఉన్నా కంగారుపడలేదు. ఆ తర్వాత విడిపోయి వెళ్లాడు. అప్పుడు ఎవరూ అందుకోలేకపోయారు.

దాటిపోనివ్వడమంటే పోటీ మానేయడమని అర్థం కాదు. పోటీ ఎప్పుడు మొదలుపెట్టాలో పక్కవాడు కాక మీరే నిర్ణయించుకోవడం. పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నిలకడగా పరిగెత్తేవాడికి పాలూ దక్కుతాయని కిప్టుమ్ చూపించాడు. మీ 10కెలో కూడా ఇదే లెక్క. ఏడో కిలోమీటరు దాకా మాట్లాడగలిగే వేగం. ఒంట్లో ఓపిక ఉంటే ఎనిమిది నుంచి పెంచండి. ముందు మిమ్మల్ని దాటినవాళ్లలో కొందరు అప్పుడు కనిపిస్తారు.

నాలుగో మెట్టు: దాటగలిగీ దాటకపోవడం

ఈ పరుగుల్లో పేసర్లు అని ఉంటారు. వీపున చిన్న జెండా, దానిమీద ‘2:30’ అనో ‘5:00’ అనో టైము రాసి ఉంటుంది. ఆ టైముకు సరిగ్గా చేర్చడం వాళ్ల పని. అంతకన్నా చాలా త్వరగా వెళ్లగలిగినవాళ్లనే ఎంచుకుంటారు, కష్టమైన చోట కూడా వాళ్లకు మాట తడబడకూడదు కాబట్టి. వెంటపడే గుంపును రన్నర్లు ‘బస్సు’ అంటారు. ఎత్తు వచ్చే ముందు హెచ్చరించడం, నీళ్ల దగ్గర ఆగనివ్వడం, వెనకబడినవాళ్లను పేరుపెట్టి పిలవడం, పాటలు పాడించడం అన్నీ పేసరు చూసుకుంటాడు. అంత కష్టపడి తనకు తెచ్చుకునే టైము, తన సొంత రికార్డుకు దరిదాపుల్లో కూడా ఉండదు. అయినా ఆరోజు ఫినిష్ లైన్ దగ్గర ఎక్కువమంది కౌగిలించుకునేది ఆయన్నే.

ఆక్లాండ్‌లో బవర్‌మన్ కోసం వేగం తగ్గించిన పెద్దాయన చేసిందీ ఈ పనే. ఇతరులు దాటుతుంటే కుదురుగా ఉండటం మొదటి విద్య. దాటగలిగి కూడా పక్కన నడవడం దాని పైమెట్టు. మొదటిది రానివాడికి రెండోది రాదు. ఎవరు దాటినా లోపల కుతకుతలాడే మనిషి ఇంకొకరిని చెయ్యిపట్టి నడిపించలేడు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పితే మనకన్నా ముందుకెళ్తాడేమోనని దాచుకునే సీనియర్లను చూస్తూనే ఉన్నాం కదా.

ఈ వారం చేయవలసినవి

1. మీ జీవితంలో ఒక్క విషయం తీసుకోండి: ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు, పొదుపు, ఏదో ఒకటే. మీ ఆదాయానికి, ఆరోగ్యానికి, బాధ్యతలకు తగ్గ వేగం ఏదో కాగితం మీద అంకెల్లో రాయండి. ‘త్వరగా’ అని రాయొద్దు. ‘ఐదేళ్లలో, నెలకు ఇంత’ అని రాయండి.

2. బండిమీద ఆఫీసుకు వెళ్లేటప్పుడు, రోజూ మిమ్మల్ని దాటిన మొదటి ముగ్గురిని వేగం పెంచకుండా పోనివ్వండి. ఆఫీసు చేరాక ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చూసుకోండి. ఆ అంకె మీకు చాలా చెబుతుంది.

3. మీకన్నా నిదానంగా ఉన్న ఒకరితో, అది బామ్మ నడక కావచ్చు, కొడుకు లెక్కల హోంవర్క్ కావచ్చు, వాళ్ల వేగంలోనే అరగంట ఉండండి. ‘తొందరగా’ అన్న మాట నోటివెంట రాకూడదు.

4. మీ దగ్గర్లోని రన్నింగ్ క్లబ్బు ఏదో తెలుసుకోండి. ఈ ఏడాది పరిగెత్తడం కుదరకపోతే వాలంటీరుగా చేరండి. నీళ్ల స్టాల్ దగ్గర మూడు గంటలు నిలబడితే, మొదట వచ్చినవాళ్లూ చివర వచ్చినవాళ్లూ ఒకే గ్లాసుకు చెయ్యి చాపడం కనిపిస్తుంది.

5. పేరిచ్చేటప్పుడు, ఎంత సమయంలో పూర్తిచేయగలరని అడిగితే స్నేహితుడు ఏం రాశాడో చూడకండి, ఆదివారం సాధనలో వచ్చిన మీ టైమునుబట్టి రాయండి. దాన్నిబట్టే మీరు ఏ గుంపులో బయల్దేరాలో నిర్ణయిస్తారు. పరువు కోసం ఇరవై నిమిషాలు తగ్గించి రాసినవాడు, తనకన్నా వేగంగా పోయేవాళ్ల మధ్య నిలబడి మొదటి కిలోమీటరులోనే ఆ అబద్ధానికి మూల్యం చెల్లిస్తాడు. నిజం రాసినవాడు తనలాంటివాళ్ల మధ్య బయల్దేరతాడు, వాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ పదో కిలోమీటరు చేరతాడు.